మూడు గ్లాసుల్లో ఒకటి వేరు

నవంబర్ 4

సీసాలు వచ్చాయి. గేటు దగ్గరే అందుకున్నాను కాబట్టి సరిపోయింది. అమ్మ చేతికి దొరికి ఉంటే ఆ కొరియర్ అతను కాజీపేట స్టేషన్ దాకా వెనక్కి చూడకుండా పరుగెత్తేవాడు.

మొత్తం మూడు. ఒక్కొక్కటి క్వార్టర్ సీసా అంత. మూడూ టెకీలానే. ఒకటో నంబరు నీళ్ళలా తెల్లగా ఉంది, పీపా మొహం చూడనిది. రెండోది కొత్త చెక్క పీపాలో కొన్నాళ్ళు పడుకుని లేచింది — ఎండుగడ్డి రంగు. మూడోది ఎర్ర వైన్ ఖాళీ చేసిన పీపాలో పడుకుంది. కిటికీ దగ్గర పట్టుకుని చూశాను. గులాబీ కాదు, రాగి కాదు... అప్పుడే చింతపండుతో తోమిన చెంబు మీద సాయంత్రం పడ్డట్టు.

కూడా ఆ మందు కంపెనీ కాగితం ఒకటి. డిసెంబర్ ఆరున హైదరాబాద్ రమ్మని. మూడు గ్లాసులు పెడతారట. రెండింట్లో ఒకటే సరుకు, ఒకదాంట్లో వేరు. ఆ వేరేదేదో చెప్పాలి. మళ్ళీ మళ్ళీ చెప్పాలి. చెబితే రుచి చూసే ఉద్యోగం. లేకపోతే మళ్ళీ కోల్డ్ స్టోరేజీ, మళ్ళీ మిర్చి.

నోట్లో తిప్పి ఉమ్మేయాలి. మింగకూడదు. ఈ ఒక్క ముక్క అమ్మకి చెబితే నమ్ముతుందా?


నవంబర్ 5

చెప్పాను. నమ్మలేదు.

"ఉమ్మేసేదానికి ఉజ్జోగమా? ఉమ్మితే ఎవలన్న జీతమిస్తరా?"

"ఇస్తరమ్మా. రుచి జూసి చెప్పాలె. గంతే."

"నీ బాపు ఎన్నేండ్లు రుచి జూసిండు! ఒక్కడు పిలిచి ఉజ్జోగం ఇయ్యలే."

బాపు పేపరు దించలేదు. పేపరు అంచులు మాత్రం కొంచెం కదిలాయి. నవ్వాడేమో.

సీసాలు ఎక్కడ పెట్టాలన్నది పెద్ద పంచాయితీ. దేవుడి పటాలున్న వైపు వద్దు. వంటింట్లో వద్దు. ఫ్రిజ్‌లో అసలే వద్దు, పక్క రైల్వే క్వార్టర్ ఆమె ఐసు కోసం వస్తుంది. చివరికి సజ్జ మీద, దవాల డబ్బా పక్కన జాగా దొరికింది. దగ్గు మందు, బాపు మోకాళ్ళ నూనె, మెక్సికో.


నవంబర్ 7

నిన్న పొద్దంతా మిర్చి శాంపిళ్ళు. తేమ చూడు, రంగు చూడు, తొడిమలు చూడు. ఇంటికొచ్చి రెండో నంబరు వాసన చూస్తే మిరపకాయ. మూడో నంబరూ మిరపకాయే. చివరికి సబ్బు కూడా.

ఇవాళ లాబ్‌లో సుజాతక్కకి చెబితే టేబుల్ మీద పడి నవ్వింది. "మనం ఈ లాబ్‌ల రెండేండ్లు చేస్తే ముక్కు రిటైరైతది పిల్లా. నువ్వేమో దానికి ప్రమోషన్ కావాల్నంటానవ్."

ఫుడ్ టెక్నాలజీ చదివి తొడిమలు లెక్కపెట్టే ఈ పని. ఇందులోనే ముసలిదాన్నవుతానని ఒక్కోసారి అనిపిస్తుంది. సుజాతక్క కూడా 'ఒక్క ఏడాదే' అనుకుని చేరిందట.


నవంబర్ 8

మందు వాసన మొదట ఎప్పుడు తెలిసింది నాకు? — అమ్మమ్మ చేతుల నుంచి. జలుబు చేస్తే ఛాతీ మీద బ్రాందీ రుద్దేది. చల్లగా తగిలి, తర్వాత వెచ్చగా. ఇంట్లో సీసా ఉండడానికి అప్పట్లో అదే మర్యాదైన కారణం. తర్వాత బాపు సీసాలకి ఏ కారణమూ అక్కర్లేకపోయింది.

తర్వాత ఆ రోజు. నేను ఇంటర్‌లో ఉన్నాను. బాపు రైలు డ్రైవర్. డ్యూటీ ఎక్కేముందు లాబీలో, అంటే హాజరు వేయించుకునే ఆఫీసులో, డ్రైవర్లందరూ ఊదాలి, మిషన్ సున్నా చూపిస్తేనే ఇంజన్ ఎక్కనిస్తారు. బాపు ఊదితే అది ఎర్రగా వెలిగింది. బండి దిగి ఏడాదికి పైగా షెడ్డులో కాగితాలు మోశాడు. యూనిఫాం ఉతకడానికి వేయడు, తొడుక్కోడు, మేకుకి అలాగే వేలాడేది. మళ్ళీ బండి ఇచ్చిన రోజు "ఇంకోసారైతే ఇంటికే" అని చెప్పి ఇచ్చారు.

అప్పట్నుంచి బాపు ముట్టలేదు. పెళ్ళిళ్ళకి వెళ్తే భోజనం కాగానే వచ్చేస్తాడు. గూడ్సు బండి నడుపుతాడు, ఇంటికొచ్చి పడుకుంటాడు, లేచి పేపరు చదువుతాడు.

అలాంటి ఇంట్లోకి మూడు సీసాలు తెచ్చిపెట్టాను నేను.


నవంబర్ 9

ఒక్కదాన్నే సాధన చేయడం కుదరదు. నేనే పోసుకుంటే ఏది ఏదో నాకు తెలిసిపోతుంది. కళ్ళు మూసుకుని గ్లాసులు అటూ ఇటూ జరిపాను — చేతికి గుర్తుంటుంది. ఇంకెవరైనా పోయాలి, మార్చి పెట్టాలి. సుజాతక్క ఉండేది హనుమకొండ, ఇద్దరు పిల్లలు. అమ్మని అడిగాను.

"నీ పెండ్లి పాలు పొయ్యిమను, పోస్త. గది మాత్రం నా చేతుల్తోని ముట్ట."

బాపు బల్లార్షా నుంచి అప్పుడే వచ్చాడు. బూట్ల లేసులు విప్పుకుంటూ, తలెత్తకుండా —

"నేను పోస్త తియ్యి."

అమ్మ బెండకాయలు కోస్తోంది. కత్తిపీట మీద చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలవడానికి చాలాసేపు పట్టింది.

వద్దనాల్సింది నేను. అనలేదు.


నవంబర్ 10

పొద్దున పదింటికి. రుచికి అదే మంచి వేళట, నోరు అలసిపోయి ఉండదు.

బాపు లోతైన స్టీలు గ్లాసులు తోమి ఆరబెట్టాడు, రంగు పట్టివ్వకుండా. తువ్వాలు తీసి ముక్కు మీదుగా వెనక్కి కట్టుకున్నాడు. దొంగలా ఉన్నావంటే, "నీ సీసాలకాడ దొంగనే గదా బిడ్డా నేను" అన్నాడు. నవ్వాను. అమ్మ నవ్వలేదు.

గోడ వైపు తిరిగి నిలబడ్డాను. వెనక పోస్తున్న చప్పుడు, మూడుసార్లు. తర్వాత బాపు గొంతు, ఇంజన్‌లో సిగ్నళ్ళు పిలిచినట్టు — "ఎడమది, రెడీ! నడిమిది, రెడీ! కుడిది, రెడీ! తిరుగు!"

సగానికి సగం తప్పు చెప్పాను. తప్పు చెప్పినప్పుడల్లా బాపు "ఎర్ర సిగ్నల్!" అంటాడు. ఆ మాట ఆయన నోట్లోంచి... నవ్వుతూ అన్నాడు కానీ.

తర్వాత అడిగాడు, ఇది దేంతో చేస్తారని. మన రాకాసి మట్టల్లాంటి, కిత్తనార లాంటి మొక్కతోనే, దాని దుంప ఉడికించి, అన్నాను. మెక్సికోలో అది వేరే రకం.

"రాకాసి మట్టలా! డోర్నకల్ లైన్ పొడుగూత గవే గదా. ఇన్నేండ్లు పక్కపొంటి పోయిన గని నన్నొక్కనాడు పలకరించలే."

అమ్మ వంటింట్లోంచి — "పలకరించకపోతేనే నయం."


నవంబర్ 13

మూడో నంబరు కొంచెం కొంచెం పట్టుబడుతోంది.

ముందు ఎండు కిస్‌మిస్. వాన తర్వాత బొగ్గు వ్యాగన్ల నుంచి వచ్చేలాంటి తడి. నాలుక మీద నేరేడు పండు తిన్నాక మిగిలే పొడి, నోరు దగ్గరికి గుంజుతుంది. అది వైన్‌దే, పీపాలో మిగిలిపోయినది. దాని వెనక దాల్చినచెక్క. అన్నిటికంటే అడుగున పచ్చి మట్ట ఘాటు, మిరియం. ఎన్నాళ్ళు పడుకోబెట్టినా ఆ మొక్క మాత్రం నిద్రపోలేదు.

రెండో నంబరులో ఈ పండు ఉండదు. కొత్త చెక్క బీరువా తలుపు తీసినట్టుంటుంది, అంతే. తేడా చిన్నది. కానీ ఒకసారి దొరికాక ఇక పోదు.

ఈరోజు ఒక్కటే తప్పు. బాపు చప్పట్లు కొట్టాడు. నా చిన్నప్పుడు కూడా ఇలా కొట్టాడా? గుర్తులేదు. అప్పుడు ఎక్కువగా పడుకుని ఉండేవాడు.


నవంబర్ 14

డ్యూటీ దిగి వచ్చాక మామూలుగా మాట్లాడని మనిషి, ఈ మధ్య నా కోసం వంటింటి గడప దగ్గర నిలబడుతున్నాడు. "ఇయ్యాల లేదా నీ పరీక్ష?"

నాకు సంతోషమే. సంతోషమేనా?


నవంబర్ 16

తువ్వాలు మెడలోనే ఉంది. కట్టుకోవడం మర్చిపోయాడు.


నవంబర్ 18

ఇవాళ కూడా మెడలోనే.

నేను చూశాను. అమ్మా చూసింది. తర్వాత అమ్మ బట్టలు ఆరేస్తూ, నన్ను కాదు, తాడు మీది చీరని చూస్తూ — "ఎండుకపోయిన తొట్టిల ఒక్క చుక్క పడ్డా వాసన లేస్తది. నీకు తెల్వదు."

"బాపు మంచిగున్నడమ్మా."

"మంచిగున్నడనే గదా నా ఫికర్."


నవంబర్ 20

మూడో సీసాలో మట్టం మిగతా రెండింటికంటే కిందికి దిగింది. ఎక్కువసార్లు దాంతోనే సాధన చేస్తున్నాం గనక.

అంతే.


నవంబర్ 23

చలి పెరిగింది. పొద్దున్నే పట్టాల మీద పొగలాంటి మంచు. బాపుకి మోకాలు పట్టేసింది. ఇంజన్ మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి కదా. అమ్మ నూనె కాచి రుద్దుతుంది, ఆయన అబ్బా అంటాడు, ఈమె "మెల్లగనే గదా రుద్దుతాన" అంటుంది. వాళ్ళిద్దరి మధ్య మిగిలిన ముచ్చట ఇదొక్కటేనేమో అనిపిస్తుంది ఒక్కోసారి. చెడ్డ ముచ్చటేం కాదు.

సాధన బాగా సాగుతోంది. చుట్టుపక్కల వాసనలన్నీ విడివిడిగా వినిపిస్తున్నట్టున్నాయి. పక్క క్వార్టర్‌లో ఎండుచేపలు. సుజాతక్క కొత్త షాంపూ. కోల్డ్ స్టోరేజీ సార్ జేబులో లవంగాలు. ఆయన ఏం దాస్తున్నాడో కూడా తెలిసింది: బీడీ. సుజాతక్కతో అంటే, "ఓ పోలీసు కుక్కా, నా దగ్గరికి రాకే" అని కుర్చీ దూరం జరుపుకుంది.

నవ్వాం. కానీ ఆ మాట ఇంటిదాకా వచ్చింది నాతో.


నవంబర్ 27

రాస్తే తేలికవుతుందేమో.

అమ్మ పొద్దున కేసముద్రం వెళ్ళింది, పెద్దమ్మకి బాగాలేదని. ఇంట్లో నేనూ బాపూ. మధ్యాహ్నం ఆయనకి డ్యూటీ కాల్ వచ్చింది. యూనిఫాం వేసుకున్నాడు. సంచి సర్దుకున్నాడు. టిఫిన్ డబ్బా అందుకోవడానికి నా ముందు వంగాడు.

కిస్‌మిస్. తడి చెక్క. అడుగున మిరియం.

మూడో నంబరు.

ఆయన సోంపు నములుతున్నాడు. సోంపు వేరుగా ఉంది, ఇది వేరుగా ఉంది. నాకు తప్పు కాదు. ఇన్నాళ్ళూ నేర్చుకున్నది ఇదే కదా. ఒకదాని కింద ఇంకోటి ఎక్కడుందో పట్టుకోవడం.

"బాపు... ఇయ్యాల సిక్ లీవు పెట్టు."

"ఎందుకు?"

"పెట్టు. పోకు."

ఆయన నిటారుగా నిలబడ్డాడు. అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. నా మొహం చూశాడు, సజ్జ వైపు చూశాడు, మళ్ళీ నా మొహం.

"నా నోరు వాసన జూస్తానవా బిడ్డా?"

"నువ్వు తాగినవ్. నాకు తెలుస్తాంది. మిషన్ల ఎర్రగొస్తే ఈసారి ఇంటికే పంపిస్తరు. ఎర్రగ రాకపోతే అంతకన్నా... బండి నడుపుతవ్ నువ్వు."

నేను ఇంకా గట్టిగా అన్నాను. అన్నీ రాయలేను.

బాపు డబ్బా సంచిలో పెట్టుకున్నాడు. జిప్పు మెల్లగా లాగాడు. "అక్కడ మిషన్ ఉన్నది గదా. దానికే జెప్పుకుంట."

వెళ్ళాడు. కుంటుతూ.

ఫోన్ చేతిలోనే ఉంది. లాబీ నంబరు గోడ మీద అమ్మ బొగ్గుతో రాసి పెట్టింది, ఎప్పుడైనా అవసరమని. ఒక్క మాట చెబితే బండి ఎక్కనివ్వరు. ఒక్క మాట చెబితే ఆయన మళ్ళీ ఎప్పటికీ ఎక్కడు. బయట గూడ్సు వెళ్తోంది. ఆయనదో కాదో... ఏ బండి వెళ్ళినా ఆయనదే అనిపిస్తోంది.

చేయలేదు.


నవంబర్ 28

అమ్మ వచ్చింది. చెప్పులు విప్పకముందే అడిగింది: "బాపు కాలు ఎట్లున్నది? నొప్పి తగ్గిందన్నడా?"

కాలా, అన్నాను.

"నిన్న పోయేముందు రాసి పోయిన. నూనెతోని ఇగ ఇనేటట్టు లేదని. ఎనకట మా అమ్మ బ్రాందీ రాస్తుండె గదా, మనింట్ల గది లేకపాయె. నీ సీసాలున్నయి గదా అని... గా తెల్లది మండుతదేమో అనిపిచ్చింది. ఎర్రగున్నదాని వాసన మంచిగున్నది. గుడ్డ తడిపి మోకాలికి కట్టిన. కట్టు తీయకు, గట్లనే డ్యూటీకి పో అన్న."

"నువ్వు సీసా ముట్టనంటివి గదమ్మా."

"తాగేదానికి ముట్ట అన్న. దవాకు గాదు."

మోకాలికి. యూనిఫాం ప్యాంటు కింద. అందుకే వంగినప్పుడు...

నవ్వు వచ్చింది. తర్వాత నవ్వు కాదు వచ్చింది. అమ్మ దగ్గరికి తీసుకుని ఏమైందని అడుగుతుంటే చెప్పలేకపోయాను. రాత్రి అన్నం దగ్గర చెప్పాను. అమ్మ తినడం ఆపలేదు. చివర్లో కంచం కడుక్కుంటూ, "నేనైతే అనుకున్న గని అనలే. నువ్వు అన్నవ్" — అంతే.


నవంబర్ 29

బాపు వచ్చాడు. సంచి మేకుకి తగిలించాడు.

"ఊదిన. సున్నా."

"బాపు, అమ్మ చెప్పింది. నాకు తెల్వదు కట్టు..."

దగ్గరికి వచ్చాడు. వంగి, దవాఖానలో డాక్టర్ ముందు తెరిచినట్టు, నోరు తెరిచాడు. రైలు టీ వాసన. నిద్రలేని వాసన. ఇంకేమీ లేదు.

"సరిపాయెనా?"

ఎందుకు చెప్పలేదని అడిగాను. మోకాలికి కట్టు ఉందని ఆ రోజే ఒక్క మాట అనొచ్చు కదా.

"నువ్వు అడగలే బిడ్డా. చెప్పినవ్."


డిసెంబర్ 1

సాధన లేదు. నేనే పోసుకుని, నేనే మార్చుకుని, నేనే చెప్పుకున్నాను. ఏదీ లెక్కలోకి రాదు.

బాపు పేపరు చదువుతాడు. అదే పేజీ.

"ఇద్దరు మూతులు ముడుసుకొని కూసుంటే ఇల్లు స్టేషన్ల వెయిటింగ్ రూం లెక్కున్నది" అని అమ్మ. ఎవరూ నవ్వలేదు.


డిసెంబర్ 2

సుజాతక్కతో మొత్తం చెప్పాను. ఎప్పుడూ నవ్వే మనిషి, ఈసారి నవ్వలేదు.

"నీ ముక్కు తప్పు జెప్పలే కదా. మూడో నంబరన్నది. మూడో నంబరే ఉన్నది."

అవును. ముక్కు తప్పు చెప్పలేదు. నోరు అనుకున్నది నేను. మోకాలు, గుడ్డ, తలుపు, గాలి... ఎక్కడి నుంచైనా రావచ్చు. నాకు మాత్రం నోరే గుర్తొచ్చింది, అదీ క్షణంలో. ఎన్నేళ్ళుగా సిద్ధంగా పెట్టుకున్నానో ఆ ఒక్క జవాబుని.


డిసెంబర్ 3

అమ్మ అంది: మిగిలింది పారబొయ్యి. నీ పరీక్ష ఎట్లయితే గట్లయితది.

సింకు దాకా తీసుకెళ్ళాను. పారబోస్తే బాపుకి తెలుస్తుంది. తన మీద నమ్మకం లేక పారబోశాననుకుంటాడు. పారబోయకపోతే అది ఇంట్లో ఉంటుంది. సీసా మూత తీయకుండానే మళ్ళీ సజ్జ మీద, దవాల డబ్బా పక్కన పెట్టేశాను. ఎవరూ చూడలేదనుకుంటాను.

చూశాడేమో.


డిసెంబర్ 4

మధ్యాహ్నం. నేను లాబ్ నుంచి సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. బాపు తనంతట తానే గ్లాసులు తోమి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"తిరుగు."

"వద్దు బాపు."

"ఎల్లుండే గదా నీ పరీక్ష? తిరుగు."

తిరిగాను. గోడ మీద బొగ్గుతో రాసిన లాబీ నంబరు సరిగ్గా నా కళ్ళ ముందు. వెనక పోస్తున్న చప్పుడు, మూడుసార్లు. తర్వాత కొంచెం ఆగి, ఇంకేదో చిన్న చప్పుడు. విన్నానా? వంటింట్లో అమ్మ నల్లా తిప్పిందేమో.

ఎడమది రెడీ అని పిలవలేదు ఈసారి. "ఊ" అన్నాడు, అంతే.

ఎడమది: కిస్‌మిస్, తడి చెక్క, మిరియం. కుడిది: అదే. నడిమిది... పండు ఉంది. కానీ దూరంగా ఉంది. గోడ అవతల నుంచి మాట్లాడుతున్నట్టు. పలచగా. నీళ్ళు కలిసినట్టు. మళ్ళీ చూశాను. మళ్ళీ.

"నడిమిది వేరు."

బాపు నా వైపు చూస్తున్నాడు.

"మూడూ ఒకటే" అన్నాడు. "మూడిట్ల మూడో నంబరే పోసిన."

"లేదు బాపు, నడిమిది..."

"లేని తేడా కనవడ్తాంది నీకు." కోపంగా అనలేదు. జ్వరం ఎంతుందో చెప్పినట్టు అన్నాడు. గ్లాసులు మూడూ ఒక చేతిలోకి తీసుకుని వెళ్ళి కడిగేశాడు. బోర్లించాడు. ఇక చూసుకోవడానికి ఏమీ లేదు.

గ్లాసు సరిగ్గా ఆరలేదేమో. అడుగున నీటి చుక్క ఉండి ఉంటుంది.

లేదా నా ముక్కు ఇప్పుడు అనుమానంతోనే పని చేస్తోంది. మూడు ఒకేలాంటివి పెట్టినా ఒకదాన్ని పట్టుకుని దొంగ అంటుంది. అదే అయితే ఎల్లుండి హైదరాబాద్ వెళ్ళి ఏం లాభం.

లేదా నేను గోడ వైపు తిరిగి ఉన్నప్పుడు నడిమి గ్లాసులోది సగం...

ఆ వాక్యం పూర్తి చేయను.

ఇదంతా నాకు పాఠం చెప్పడానికే చేశాడా? నిజంగానే ఒకటే పోశాడా? నేను ఎలా పొరబడతానో నాకే చూపించాలని? అలా చేయగల మనిషే. అలా చేయగల మనిషని ఇన్నాళ్ళూ నాకు తెలియదు.

సాయంత్రం బూట్లకి పాలిష్ వేసుకుంటున్నాడు. రేపు పొద్దున్నే బల్లార్షా బండి. "అయిదింటికి లేపు బిడ్డా" అన్నాడు, ఏమీ జరగనట్టు.

"బాపు."

"ఆఁ?"

అడగాలి. చెప్పడం కాదు, అడగాలి. అడిగినా అది అడిగినట్టు ఉండదని తెలుసు.

"ఏం లే."

బ్రష్ మళ్ళీ కదిలింది.

సీసా సజ్జ మీదే ఉంది. దాచితే దాచానని తెలుస్తుంది. ఉంచితే ఉంచానని... పడుకోబోతున్నాను. అటు చూడను.


డిసెంబర్ 5

లేపాను. నేను లేపేసరికే లేచి ఉన్నాడు.

సజ్జ వైపు చూడలేదు. నిన్న ఎంత ఉంది, ఇవాళ ఎంత ఉంది — చూడలేదు.

అమ్మ చాయ్ ఇచ్చింది. మోకాలికి నూనె రాసింది, మామూలు నూనె. డబ్బా నేను ఇవ్వాలి. రోజూ నేనే ఇస్తాను. గుమ్మం దగ్గర నిలబడి అందుకోవడానికి వంగుతాడు, అప్పుడు నా తల మీద చెయ్యి పెడతాడు. చిన్నప్పట్నుంచి అంతే.

వంగబోతున్నాడు. చున్నీ తీసి ముక్కు మీదికి లాక్కున్నాను. ఆయన మొదటిరోజు తువ్వాలు కట్టుకున్నట్టే. నేను చూడను బాపు, నేను వెతకను, అని చెప్పడానికి. ఇంకెలా చెప్పాలో తెలియక.

బాపు సగంలో ఆగిపోయాడు. నా చున్నీని చూశాడు.

ఆయనకి అది ఎలా కనిపించింది? నేను చెప్పాలనుకున్నట్టా, లేక వాసన భరించలేక మూసుకున్నట్టా? వెంటనే తీసేద్దామనుకున్నాను. తీస్తే ఇంకోలా ఉంటుంది. అలాగే పట్టుకుని నిలబడ్డాను. కళ్ళు మాత్రమే ఉన్నాయి నాకు ఆయనకి చూపించడానికి.

తల మీద చెయ్యి పెట్టాడా? పెట్టాడు. లేదు, డబ్బా అందుకునేటప్పుడు తగిలిందేమో.

"పైలం బాపు."

"పరీక్ష మంచిగ రాయి" అన్నాడు. రాసే పరీక్ష కాదని తెలుసు ఆయనకి.

లైన్ దాటి, మంచులో, టార్చి వెలుగు కుంటుకుంటూ లాబీ వైపు వెళ్ళింది. అమ్మ తలుపు వేయలేదు. నేనూ వేయలేదు.

చాయ్ చల్లారింది. ఏ వాసనా తెలియడం లేదు నాకు.

ఇప్పటికి ఊది ఉంటాడు.